మా అక్క బర్రె గంట ఊళ్లు తిరిగిన సంగతి

మేడ్చల్‌లో నా మోటార్ వైండింగ్ దుకాణం ముందు కూర్చుని టీ తాగేవాళ్లలో నా మాట నమ్మేవాడు ఒక్కడూ లేడు. తప్పు వాళ్లది కాదు. శామీర్‌పేట చెరువులో నా గాలానికి పడిన చేపను ఒడ్డుకు లాగడానికి ట్రాక్టర్ తెప్పించానని చెప్పింది నేనే. ఆ చేప ట్రాక్టర్‌నే రెండడుగులు వెనక్కి లాగిందని కలపకపోతే బహుశా నమ్మేవాళ్లు. అందుకే మా అక్క బర్రె గంట ఒక్కటే పుణె దాకా వెళ్లి వచ్చిందని చెప్పినప్పుడు, ఈసారి చేప చిన్నగున్నదని నవ్వి ఊరుకున్నారు. ఇది మాత్రం జరిగింది.

మా అక్కది శామీర్‌పేట దగ్గరి ఊరు. చుట్టూ ప్లాట్ల రాళ్లు పాతిన తర్వాత బర్రెలు మేసే జాగా లేక ఒక్కొక్కటే అమ్మేసింది. ఆఖరి బర్రెను బండెక్కించే ముందు దాని మెడలోని ఇత్తడి గంటను విప్పుకుని వంటింట్లో మేకుకు తగిలించింది. గంట అక్కడ ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. కూర కలుపుతూ కలుపుతూ అక్క దానివైపు చూసేది.

కొంపల్లిలో ఉద్యోగం చేసే మా మేనకోడలు ఒక ఆదివారం ఈ ఆట సంగతి చెప్పింది. దాన్ని జియోకాషింగ్ అంటారట. రాళ్ల సందుల్లో, చెట్ల మొదళ్లలో డబ్బాలు దాచిపెడతారు. ఫోన్‌లో గుర్తులు చూసుకుంటూ వెతుక్కునేది ఎవరయ్యా అంటే పిల్లలు కాదు, జీతాలు తెచ్చుకునే పెద్దవాళ్లు. నంబరు చెక్కిన బిళ్ల ఒకటి తెప్పించి ఏదైనా వస్తువుకు కట్టి డబ్బాలో వేస్తే, దొరికినవాళ్లు దాన్ని ఇంకో డబ్బాకు మోసుకుపోతారు. ఎక్కడ తీశారో, ఎక్కడ పెట్టారో ఆ నంబరు కింద రాస్తారు. మనం ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

నేను గంటవైపు చూశాను. అక్క నావైపు చూసింది.

అక్క ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. "తిరగనీ. మేకుకు ఉండి ఏంజేస్తది? గని అది యాడున్నదో నాకు ఎర్కుండాలె. బర్రెనైతె పోగొట్టుకున్న. గంటను గూడ పోగొట్టుకున్న అనిపిస్తే మాత్రం నీ ముఖం జూడ."

చెరువు వెనక గుట్ట రాళ్లలో ఒక డబ్బా ఉంది. గంటకు బిళ్ల కట్టి అందులో పెట్టి వచ్చాం. కొన్నాళ్లకు మేనకోడలికి బెంగళూరు బదిలీ అయింది. గంట సమాచారం చూసే పని నా ఫోన్‌కు వచ్చింది. రాతలన్నీ ఇంగ్లీషులో ఉండేవి కాబట్టి చదివి వినిపించేది నేనే. అక్క నన్ను పుట్టినప్పటి నుంచి ఎరుగును. టీకి ముందు ఒకసారి, టీ తర్వాత ఒకసారి చదవమనేది. రెండో చదువులో మాట మారితే కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయేది.

మొదట దుండిగల్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడెవరో తీసుకున్నాడు. అతని చేతి నుంచి బీదర్ కోట దగ్గరి డబ్బాకు చేరింది. అక్కడి నుంచి పుణె మొగుడూ పెళ్లాలు పట్టుకుపోయారు. వాళ్లు గంటను కారు అద్దానికి వేలాడదీసి ఫోటో కూడా పెట్టారు. తర్వాత సతారా వైపు కొండల్లో ఎవరి దగ్గరో చాలా రోజులుండిపోయింది. అతను రాసింది "మంచి గంట" అని రెండే మాటలు. ఇన్నాళ్లు ఉంచుకుని రెండు మాటలు రాసే మనిషి ఎట్లా ఉంటాడని నేనూ అక్కా ఎంత ముచ్చట పెట్టుకున్నామో. ఒంటరివాడని అక్క అంది. ఇంట్లో పెళ్లాం మాట్లాడనివ్వదేమోనని నేనన్నాను. పొద్దున లేవగానే దాన్ని ఒకసారి మోగించి ఉంటాడా? పడుకునే చోట పెట్టుకున్నాడా, బ్యాగులో పడేశాడా? ముక్కూ ముఖం తెలియని మనుషుల ఇళ్లలోకి మా గంట మాకంటే ముందు పోయి కూర్చుంది.

చివరికి ఒక సైకిలాయన దాన్ని తీసుకున్నాడు. గంట పేజీలో శామీర్‌పేట పేరు చూసి, పాపం తప్పిపోయి ఇంత దూరం వచ్చిందనుకున్నాడు. హైదరాబాద్ వచ్చినప్పుడు పని గట్టుకుని గుట్ట దాకా పోయి, బయలుదేరిన డబ్బాలోనే పెట్టాడు. "ఇంటికి చేర్చాను" అని సంబరంగా రాశాడు.

ఆ తర్వాత ఏమీ రాలేదు. వానలు పోయాయి, చలి వచ్చింది, ఫోన్ పలకలేదు. ఆ తర్వాత డబ్బా తీసినవాడొకడు గంట లోపల లేదని రాశాడు. అక్క అడిగినప్పుడల్లా నా నోట్లో ఒక కథ సిద్ధంగా ఉండేది. అందులో గంట ఓడ కూడా ఎక్కేసింది. కానీ అక్క ఫోన్‌ను చూడడం లేదు, నా పెదవులను చూస్తోంది. లేదట అక్కా అని ఉన్నది చెప్పాను. అక్క చీర కుచ్చిళ్లు సర్దుకుని స్కూటర్ తీయమంది.

గుట్ట మీద డబ్బా మూత ఊడి ఉంది. లోపల ఒక ప్లాస్టిక్ ఏనుగు, తడిసిన కాగితం, నీళ్లు. చుట్టుపక్కల రాళ్లన్నీ కదిపి చూశాం. మోకాళ్లు పట్టుకుని అక్క ఒక బండ మీద కూలబడింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

అప్పుడు ప్లాట్ల వెంచర్ ప్రహరీ అవతల మంద కదిలిన చప్పుడైంది. అక్క తల ఎత్తింది. నాకు గొర్రెల అరుపులే వినిపించాయి. అక్క మాత్రం లేచి, చేతికర్ర బండ దగ్గరే వదిలేసి దిగడం మొదలుపెట్టింది.

మందకు ముందు ఒక నల్ల మేకపోతు. దాని మెడలో మా గంట, గంట పక్కన మా బిళ్ల. వెనక గొంగడి వేసుకున్న కాపరి, నా ఈడువాడే.

గంట ఎక్కడిదని అక్క అడిగింది. అతను తడుముకోకుండా చెప్పాడు. "దొంగలు జీవాన్ని కొట్టేసినంక చెవికున్న నంబరు బిళ్ల కోసి, గంట విప్పి గిట్లనే రాళ్ల కింద దాస్తరు పెద్దమ్మా. డబ్బల నంబరు బిళ్ల, గంట కనవడంగనే ఎవల్దో జీవం పోయిందనుకున్న." పశువుల దవాఖానలో బిళ్ల చూపించాడట. ఆ నంబరు తమది కాదన్నారట. ఇక గంటనే మేకపోతుకు కట్టి మేడ్చల్, దుండిగల్, గాజులరామారం చుట్టూ మంద తోలుకు తిరిగాడట. "చప్పుడు ఇంటే అసలోల్లు గుర్తువడ్తరు గద."

నా నోరు ఆగలేదు. ఇది దొంగల పని కాదని, ఫోన్ ఆట అని, బీదర్, పుణె, సతారా, సైకిలాయన, అంతా ఒక్క అక్షరం కల్పించకుండా చెప్పాను. అతను నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నా దుకాణం ముందు టీ తాగేవాళ్లు చూసే చూపే అది.

"గీ పటేల్ జర ఎక్కువనే చెప్తుండు" అన్నాడు అక్కతో. "గీ పెద్దమనిషి మాట మీద మాత్రం నేనియ్య."

"వాని మాట ఇడిసిపెట్టు" అంది అక్క. "గంట తిప్పి లోపట జూడు. నాలిక ఉండదు. ఊడిపోతే మోటార్ నట్టు కట్టిన. ఇనుప తీగెతోని, మూడు మెలికలు."

అతను మేకపోతును ఒడిసిపట్టి గంటను తిప్పి చూశాడు. తర్వాత తాడు విప్పి రెండు చేతులతో అక్కకు ఇచ్చాడు. జీవం దొరికిందా అని అడిగాడు. లేదు, అమ్ముకున్న అని చెప్పింది అక్క.

ఇంటికి పోదామని నేను స్కూటర్ వైపు నడిచాను. వెనక అక్క అతనితో మాట్లాడుతూనే ఉంది. ఎండాకాలం మందను ఎటు తోలుతావని అడిగింది. గడ్డి ఎటుంటే అటు, కృష్ణ ఒడ్డు దాకా పోతానని అతనన్నాడు. ఇంత పెద్ద గంట మేకపోతుకు బరువు కాదా అంది. మొదట తల వంచేది, ఇప్పుడు విప్పితే నడవదు అన్నాడు.

నిజమే, మేకపోతు అప్పటికీ కదలలేదు. దాని వెనక మంద మొత్తం ఆగిపోయి ఉంది.

అక్క వంగి గంటను తనే మళ్లీ కట్టింది. బిళ్ల మాత్రం విప్పి నా చేతిలో పెట్టింది. కాపరి ఫోన్ నంబరు తన ఫోన్‌లోకి ఎక్కించమంది. నంబరు సరిగా కొట్టానో లేదో నా ముందే ఒకసారి మోగించి చూసుకుంది.

ఎండలు ముదిరాక ఒకరోజు నేను అక్క ఇంటికి పోయేసరికి ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని మెట్టు మీద కూర్చుంది. అవతల గొంతేమీ వినిపించడం లేదు. ఎవరని సైగ చేశాను. దగ్గరికి వంగితే ఫోన్‌లో సన్నగా గంట చప్పుడు. ఎంత దూరం పోయారని అడిగాను.

"ఊకో" అంది అక్క. "నడుస్తున్నయి."