అమ్మకు ఎవరూ చెప్పని సూది

చుక్కల ఆదివారం వచ్చిందంటే మా చిన్నప్పుడు... నకరికల్లు దగ్గర మా ఊళ్ళో అమ్మ మిరపకోతకు కూడా వెళ్ళేది కాదు. చెల్లికి తలంటి, సాంబ్రాణి పొగ వేసి, చంకనేసుకుని బడి దగ్గరికి నడిచేది. పోలియో చుక్కలు పోయించి, చెల్లి చిటికెనవేలి గోటి మీది సిరా గుర్తును దారిపొడవునా అందరికీ చూపించేది...

ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. అందుకే మామూలు రోజుల్లో సూది వేసే నర్సమ్మ వస్తే, "చుక్కలు పోయిచ్చాంగా... మళ్ళీ సూదెందుకు పసిదానికి?" అనేది.

"నీ ఇష్టం తల్లీ," అని నర్సమ్మ పక్కింటికి వెళ్ళిపోయేది. చుక్కలు పోలియోకే అని, తట్టుకు వేరే సూది ఉందని చెప్పలేదు.

చెల్లికి మాటలు వస్తున్న వయసులో తట్టు పోసింది. అమ్మవారు వచ్చిందన్నారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు వేయలేదు, మందు తేలేదు... జ్వరం తగ్గింది గానీ చెవుల్లోంచి చీము కారింది. నేను వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడటం మానేసింది.

నరసరావుపేట తీసుకెళ్తే డాక్టరు అడిగాడు, "టీకాలు వేయించలేదా?"

"ఒక్కటీ తప్పలేదయ్యా... అన్ని ఆదివారాలూ పోయిచ్చా," అంది అమ్మ, గర్వంగానే.

ఆయన పక్కనున్న నర్సు వైపు చూసి నవ్వాడు. "ఈ పల్లెటూరోళ్ళకు ఎంత చెప్పినా ఇంతే."

ఎంత చెప్పారు? ఎవరు చెప్పారు? పిలిచిన ప్రతిసారీ పని మానుకుని వెళ్ళిన మనిషిని చూసి నవ్వారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది... అమ్మ ఆ రోజు బస్సులో చెల్లి చెవుల్లోని చీము కొంగుతో తుడుస్తూనే కూర్చుంది.

మొన్న నా పాపకు తొమ్మిది నెలలు నిండాయి. సూది రోజున అంగన్‌వాడీకి వెళ్తే మా అత్తమ్మ, "ఏమే, చుక్కలు పోయిచ్చాంగా, ఇంటికి పోదాం పద," అంది.

నలుగురిలో నోరు తెరవాలంటే నాకు చెమటలు పడతాయి. అయినా అక్కడ సూది వేస్తున్న నర్సమ్మను అడిగాను. "ఈ సూది దేనికండీ?"

"అయ్యన్నీ నీకెందుకమ్మా, పాప కాలు పట్టుకో."

"చెప్పండి... మా అత్తమ్మ కూడా వినాలి."

వరసలో ఉన్న తల్లులందరూ నా వైపే చూశారు. ఆమె విసుక్కుంటూనే చెప్పింది. ఇది తట్టు రాకుండా అని, చుక్కలు దీనికి పనిచేయవని, కాస్త జ్వరం వచ్చినా కంగారు పడొద్దని, ఏడాదిన్నర వయసులో ఇంకోటి వేయించాలని. అంతే... పట్టుమని నిమిషం పట్టలేదు.

అత్తమ్మే పాపను ఒళ్ళో పెట్టుకుంది. "ఏందమ్మా, ఈ ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయిద్ది?" అని నర్సమ్మనే దబాయించింది.

ఇప్పుడు సూది రోజున ఫోనుకు మెసేజ్ వస్తుంది, ఆశా అక్క ఇంటికొచ్చి పిలుస్తుంది. రోజులు చాలా మారాయి... ఆ నిమిషం మాట మాత్రం ఇంకా అడిగి చెప్పించుకోవాల్సి వస్తోంది.

మీ అమ్మలకు ఎవరైనా విడమరిచి చెప్పారా? చెప్పకపోయినా రాయండి... మా అమ్మకు చదివి వినిపిస్తాను. చెల్లికి వినపడకుండా పోవడంలో తప్పంతా తనదేనని ఆమె ఇప్పటికీ అనుకుంటోంది.