ఎముకలత్త, పన్నెండో పుర్రె

మా మేనత్తను మ్యూజియంలో అందరూ ఎముకలత్త అంటారు. ఆమెకు అదంటే కోపం లేదు సరికదా, కాస్త గర్వం కూడా. ముప్పై ఏళ్లుగా చచ్చిన జంతువుల పుర్రెలను ఉడకబెట్టి, టూత్‌బ్రష్‌తో తోమి, ఆరబెట్టి పెట్టెల్లో సర్దడం ఆమె పని. ఇంట్లో ఆమె బ్రష్‌ల జోలికి మేమెవరం పోము.

మొన్న స్టోరు గదిలో నీళ్ల పైపు పగిలింది. వీజెల్ అనే సన్నటి చిన్న వేటజంతువు కుటుంబం పెట్టె తడిసి, పుర్రెలకు కట్టిన చీటీలన్నీ ముద్దయిపోయాయి. మ్యూజియం టైపిస్టుగా వాటిని మళ్లీ టైపు చెయ్యాల్సింది నేనే కనక అక్కడే ఉన్నాను. కొత్త ఆఫీసరు ముక్కు చిట్లించాడు.

"పేర్లు లేని పుర్రెలు దేనికమ్మా? పారేయించండి."

"పేర్లు చీటీల్లో కాదు సార్, పళ్లల్లో ఉంటాయి," అంది అత్త. "సాయంత్రందాకా ఆగండి. రిజిస్టరులో ఉన్న పన్నెండూ కొలతలతో సహా అప్పజెబుతాను."

"ఒక్కటి తేడా వచ్చినా మొత్తం చెత్తలోకే!"

నాకు ఒళ్లు మండింది. అత్త మాత్రం కోటు చేతులు పైకి మడిచి కూర్చుంది.

"వీజెల్ జానెడు, నీటికుక్క గజం పొడుగు. చూస్తే చుట్టాలని ఎవరంటారు? పైదవడ చూడు. మాంసం కోసే పెద్ద పన్ను వెనకాల, ఒక్కో పక్క నమిలే పన్ను ఒక్కటే. ఈ ఇంటివాళ్లందరికీ అంతే."

నేల తవ్వి బొరియల్లో ఉండే బ్యాడ్జర్లు, నీటికుక్కలు, వీజెల్‌లు. పదకొండు చకచకా తేలాయి. పన్నెండోదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. వెనకాల రెండేసి పళ్లున్నాయి.

"ఇది ముంగిస," అంది. ముంగిస, వీజెల్ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ వంశాలు వేరట. రిజిస్టరు తీశాను. పన్నెండో వరుసలో "వీజెల్" అని ఉంది. ఆ గుండ్రటి చేతిరాత అత్తదే, ఉద్యోగంలో చేరిన వారంలో రాసింది.

రిజిస్టరు టక్కున మూసేశాను. "ఊరుకో అత్తయ్యా. వీజెల్ అనే టైపు చేసేస్తా. ఆయనకేం తెలుస్తుంది?"

"ఆయనకి తెలీదు. నాకు తెలుసుగా."

పుర్రె పట్టుకుని తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది. "పదకొండే సార్. ఇది ముంగిస. అప్పట్లో నాకు పళ్లు చూడ్డం రాదు, పైపై పోలిక చూసి రాసేశాను. తప్పు నాదే."

ఆయన పుర్రెల బొమ్మలున్న పుస్తకం తెరిచి, బొమ్మనూ పుర్రెనూ మార్చి మార్చి చూశాడు. "ముప్పై ఏళ్లలో ఇంతమంది ప్రొఫెసర్లు వచ్చారు. ఒక్కరూ పట్టుకోలేదా?"

"వాళ్లు చీటీ చదివారు సార్."

ఆయన లేచి స్టోరు గదికి వచ్చాడు. పెట్టెను తనే మోసుకెళ్లి పొడిగా ఉన్న అరలో పెట్టాడు. పదకొండు చీటీలూ నేను టైపు చేశాను. ముంగిసది మాత్రం అత్త నన్ను ముట్టుకోనివ్వలేదు. అదే గుండ్రటి చేతిరాతతో తనే రాసింది.