ఊద నాటిన ఆదివారం

మా కాలనీ వెనక ఖాళీగా పడివున్న స్థలాన్ని కొన్నేళ్ల కిందట కమిటీవాళ్లు ఉమ్మడి తోట చేశారు. బెండ, గోంగూర, నాలుగు వంగ మొక్కలు ఉన్నంతకాలం నాకూ ఇష్టంగానే ఉండేది. పోయిన వేసవిలో దానికి గేటు పెట్టి, ఫ్లెక్సీ కట్టి, ‘కుటుంబాలకు పల్లె సరదాలు’ అన్నారు. అప్పటినుంచి అటు చూస్తేనే ఒళ్లు మండుతుంది.

ఆదివారాలు ఒక ఆవును తెచ్చి కట్టేసేవాళ్లు. వచ్చిన ప్రతి పిల్లా దాని పొదుగు పిండాలి, ప్రతి తండ్రీ ఫోటో తీయాలి. పాలు అయిపోయినా వరస అయిపోయేది కాదు. అది కాలు విదిలిస్తే అందరూ నవ్వేవాళ్లు. ఆ తర్వాత అరిటాకుల్లో చద్దన్నం, ఉల్లిపాయ. రెండు ముద్దలు నోట్లో పెట్టుకుని, ఫోటో పడ్డాక, మిగతాది ఆకుతో సహా డ్రమ్ములో పడేసేవాళ్లు. ఎండకి ఆ డ్రమ్ము కంపు గేటుదాకా కొట్టేది. చద్దన్నం కోసం అక్కాచెల్లెళ్లు జుట్లు పట్టుకున్న ఇంట్లో పుట్టినదాన్ని నేను.

అయినా వెళ్లేదాన్ని. మా పాప ఊరుకునేది కాదు. పైగా నేను టీచర్ని, వెళ్లకపోతే కాలనీలో మాటొస్తుందని భయం. మా అమ్మ కాకుమాను వైపు పొలాల్లో కలుపు తీసిందనీ, సెలవుల్లో నేనూ ఆమె పక్కనే నడుం వంచాననీ ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. అడగకుండా జాగ్రత్తపడ్డాను.

తోట పనంతా ఒక అక్క చూసేది. నాకంటే పదేళ్లు పెద్దది. ఎండాకాలం బయట పొలం పనులుండవు కాబట్టి ఆ మూడు నెలలూ ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ తోట మీదే.

మే నెలలో ఒక వారం కమిటీ సెక్రటరీగారికి పిల్లలచేత వరి నాట్లు వేయించాలని బుద్ధి పుట్టింది. కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో తెనాలి చుట్టుపక్కల నారెక్కడ దొరుకుతుంది? అదేమీ ఆయనకి పట్టలేదు. పక్క వీధివాళ్లు బిందెలు పెట్టుకుని నీళ్లకోసం కూర్చునుంటే, ట్యాంకరు తెప్పించి మడి నింపారు. మురుక్కాలువ గట్టున పచ్చగా పెరిగింది చూపించి, ఆ నారు పీక్కురమ్మని అక్కకి చెప్పారు. పాప పేరు రాయించడానికి వెళ్లి నేనక్కడే ఉన్నాను.

"అది నారు కాదండి. ఊదండి," అంది అక్క.

ఊద అంటే వరిలాగే కనపడుతూ వరి నోటి దగ్గర కూడు లాక్కునే కలుపు. ఆయన కుర్చీలోంచి తల కూడా ఎత్తలేదు.

"నీకెందుకమ్మా అయ్యన్నీ. చెప్పింది చెయ్యి."

ఆదివారం ముప్పై కుటుంబాలు ప్యాంట్లు మడుచుకుని, చీరలు ఎగదోపుకుని మడిలో దిగాయి. బురద కంపు. చెప్పులు విప్పమంటే కొందరు మొహం చిట్లించారు. నాట్లు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. వీళ్లు ముందుకి నడుస్తూ, నాటిందంతా వాళ్లే తొక్కుకుంటూ పోయారు. అక్క తలా ఒక కట్ట ఇచ్చింది. చేతిలోకి రాగానే ఆకు మధ్య తెల్లటి ఈనె కనపడింది. ఊదే. ఒక మూలకి పోయి వంగాను.

మధ్యాహ్నం ఎవరి మామగారో రేపల్లె వైపు రైతు ఒకాయన మనవణ్ణి తీసుకెళ్లడానికి వచ్చాడు. మడి చూసి, ఏంటి ఇంతమంది కలిసి ఊద నాటారని అడిగాడు. మడంతా నవ్వులు. సెక్రటరీగారి మొహం కందిపోయింది. పొలం మనిషివని నమ్మి చెబితే నలుగురిలో పరువు తీశావని అక్క మీద విరుచుకుపడి, రేపటినుంచి రావద్దన్నారు. ముందే చెప్పానండి అని ఆమె అంటూనే ఉంది, ఎవరూ వినలేదు. నావైపు చూసింది.

ఆమె ముందే చెప్పిందండీ, నేను విన్నాను. ఇంతే అనాలి నేను. పక్కింటావిడ, మీరు టీచరు కదా, మీరూ గుర్తుపట్టలేదా అని నవ్వుతూ అడిగింది.

"మాకేం తెలుస్తాయండి ఇవన్నీ," అన్నాను.

ఇంతకాలం వాళ్లని చూసి పడ్డ రోత ఆ మాటతో నామీదికే తిరిగింది. పాపని తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. అక్క అక్కడే కాళ్లు కడుక్కుంటోంది. కోపంగా లేదు. ఇందాక నేను వంగిన మూలకేసి చూస్తోంది.

అక్కడ మడిలో ఒక్క మొక్కా లేదు. నాకిచ్చిన కట్టంతా గట్టు మీద ఉంది, వేళ్లు పైకి, ఆకులు కిందికి, బారుగా. కలుపు పీకినవాళ్లు మళ్లీ బతక్కుండా వేళ్లు ఎండకి తిప్పి పెడతారు. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

అక్క గొంతు తగ్గించి, అప్పటిదాకా లేని చనువుతో అడిగింది.

"ఎవరి కూతురివమ్మా నువ్వు?"

నేను కుళాయి కట్టేసి, పాప చెయ్యి పట్టుకుని, కాళ్ల బురదతోనే ఇంటికి వచ్చేశాను.