తలుపు మూసిన పది నిమిషాలు

మొయినాబాద్ రిసార్టుల్లో గది తలుపు తీయగానే నిమ్మగడ్డి వాసన గుప్పుమంటుంది. గాలి పరీక్షకు మేము వస్తున్నామని తెలిస్తే మేనేజర్లు కిటికీలన్నీ తెరిపించి, ఆ స్ప్రే కొట్టిస్తారు, పెళ్లిచూపులకు ఇల్లు సర్దినట్టు. ఆ వాసన తగిలిన ప్రతిసారీ నాకు దేవదానం అన్న గుర్తొస్తాడు. ఆ తర్వాత కాసేపు నా మీద నాకు పెద్దగా గౌరవం ఉండదు.

ఆయనది ముడిమ్యాల. గాలి నాణ్యత కొలిచే మా చిన్న కంపెనీలో పాత టెక్నీషియన్. నేను మోకిలలో స్థిరపడ్డ కోస్తా కుటుంబం వాణ్ని, ఇంజనీరింగు చదివినవాణ్ని. అంటే పని ఆయనకు తెలుసు, సంతకం నాది. మొదటి రోజు ఆయన హోటలు గది కిటికీలు మూసి, ఏసీ వేసి, మీటరు సంచిలోంచి తీయకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నాం అన్నా?"

"జర కూసో తమ్మీ. మనమొచ్చిన సంగతి గది మర్చిపోవాలె. పది నిమిషాలు."

అతిథి నిద్రపోయేది మూసిన గదిలో అయినప్పుడు తెరిచిన గదిని కొలిచి ఏం లాభమని ఆయన వాదన. నా నాలుగేళ్ల చదువులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. బహుశా చెప్పిన రోజు నేను కాలేజీకి వెళ్లి ఉండను.

చేవెళ్ల దారిలో ఒక రిసార్టు. గదులన్నీ అయ్యాక కింద లాండ్రీ ఒక్కటే మిగిలింది. అక్కడ దుప్పట్లు ఇస్త్రీ చేసే మరియమ్మ, "జనరేటర్ నడిస్తే తలకాయ తిరుగుతది సార్," అంది. దాని పొగగొట్టం లాండ్రీ కిటికీ పక్కనే ఉంది. నీళ్లు బాగా తాగమని సలహా ఇచ్చాను.

"జనరేటర్ ఏపిచ్చి, తలుపేసి చూద్దాం తమ్మీ," అన్నాడు అన్న.

పైన మాకు భోజనాలు వడ్డిస్తున్నారు. "బిర్యానీ చల్లారిపోతుంది అన్నా," అన్నాను. కరెంటు ఉంది, జనరేటర్ నడవడం లేదు, తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు నిమిషాలు మీటరు పట్టుకుని, 'సంతృప్తికరం' అని రాసి సంతకం చేశాను.

వారం తిరక్కుండా, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, మరియమ్మ ఇస్త్రీ బల్ల దగ్గరే స్పృహ తప్పి పడిపోయింది. దవాఖానలో ఎలాగో బతికింది. అన్న వెళ్లి చూసొచ్చాడు. నేను పని ఒత్తిడిలో ఉన్నాను. కావలసినప్పుడు పని ఒత్తిడి భలే దొరుకుతుంది. ఆయన మళ్లీ ఆ రిసార్టుకు వెళ్లి, జనరేటర్ వేయించి, మీటరు లోపల పెట్టి తలుపేశాడు. జనరేటర్ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. హద్దు దాటిన దాని అంకె కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టాడు.

"రిపోర్టు మళ్ల రాస్తవా తమ్మీ?"

"సంతకం పెట్టాక మారిస్తే ఇద్దరికీ ఇబ్బంది అన్నా."

ఆయన మీటరు సంచి భుజాన వేసుకున్నాడు. "సరే సార్," అన్నాడు.

తిట్టలేదు. 'తమ్మీ' అనే పిలుపు మాత్రం మళ్లీ వినలేదు.

ఆ నెలాఖరుకు ఆయన రిటైరయ్యాడు. ఆయన వెళ్లాక రిపోర్టు మార్చి రాశాను. పొగగొట్టం పైకెత్తించారు. అప్పటికే మరియమ్మ ఆ పని మానేసి, కనకమామిడి ఊరి పూలతోటల్లో కూలికి పోతోంది. మార్చిన కాగితం అన్నకు చూపించాలని ప్రతి ఆదివారం అనుకునేవాణ్ని. పోయిన వానాకాలం ముడిమ్యాల వెళ్లాను, చర్చిలో ఆయన శవపెట్టె ముందు నిలబడడానికి. కాగితం జేబులోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఏ హోటలుకు వెళ్లినా ముందు లాండ్రీకే వెళ్తాను. జనరేటర్ వేయించి, మీటరు లోపల పెట్టి, తలుపు మూసి బయట కూర్చుంటాను. పది నిమిషాలు. మేనేజరు వచ్చి, "అన్నం చల్లారుతది సార్," అంటాడు. చల్లారనిమ్మంటాను.

ఆనాటి బిర్యానీ వేడిగానే తిన్నాను.