తార్నాక స్టాపులో గళ్ల పేజీ

ముషీరాబాద్‌లో మాది కిరాణా దుకాణం. బేరమాడకుండా మంచినీళ్లు కూడా తాగని ఇల్లు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఓ మధ్యాహ్నం తార్నాక బస్టాపులో ఆగిపోయాను. యూనివర్సిటీ గేటు మూసేశారు. లోపల హాస్టల్లో మా తమ్ముడున్నాడు. బాష్పవాయువు గుండ్లు పేలుతున్నాయి, వాడి ఫోన్ ఎంతకీ కలవడం లేదు.

పక్కన ఒక పెద్దాయన పేపర్లో గళ్ల నుడికట్టు నింపుతున్నాడు. గుబులు ఆపుకోలేక, అలవాటుకొద్దీ బేరం పెట్టాను.

"పెద్దాయనా, నా పేపర్లో ఆటల పేజీ తీస్కోండ్రి, ఆ గళ్ల పేజీ నాకియ్యండ్రి."

ఆటల పేజీ నేనెలాగూ చదవను.

"ఆగు బిడ్డా, ఒక్కటే మిగిలింది," అన్నాడాయన తలెత్తకుండా. "రోజూ ఇది నింపుతుంటే ఏమేమో తెలుస్తయి. కన్నీళ్ల పొగ గాలికంటె బరువంట. కిందనే పాకుతది. మీ తమ్ముణ్ణి మిద్దె మీదికి ఎక్కుమను."

తమ్ముడి సంగతి నేను చెప్పనే లేదు. అడిగేలోపు పేజీ నా చేతిలో పెట్టి, బదులేమీ తీసుకోకుండా వెళ్లిపోయాడు. అంతసేపూ పెన్ను కదలడం నా కళ్లతో చూశాను. గళ్లన్నీ ఖాళీగా ఉన్నాయి.

సాయంత్రం గేటు తీశారు. హాస్టల్ కింది గదుల్లో పిల్లలు ఇంకా దగ్గుతూనే ఉన్నారు. తమ్ముడు మాత్రం మిద్దె మెట్లు దిగి నింపాదిగా వచ్చాడు.

"పైకెందుకు పోయినవ్‌రా?"

"ఏందన్నా, నువ్వే గదా ఫోన్ జేసి మిద్దెక్కమన్నవ్?"

నా ఫోన్ ఆ రోజు వాడికి ఒక్కసారీ కలవలేదు. అయినా "అవున్రా" అన్నాను. బేరమాడకుండా నేను ఒప్పుకున్న మాట అదొక్కటే.