అల్లుడు కురిపించిన మంచు

ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపిస్తే, ఇంటి ముందుగదిలో కూర్చుని వాటికి తగ్గ పళ్ళు తయారుచేసి పంపిస్తాడు. వీధిలో అందరికీ ఆయన పళ్ళాయనే. “తెల్లగా ఉంటే చాలండీ” అనేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. ఏ తెలుపు? పాల తెలుపా, ఎముక తెలుపా, టీ తాగే మనిషి తెలుపా? ఆయన సొరుగులో తెలుపులే ఓ పెద్ద పెట్టెడు ఉంటాయి మరి.

పని ముగిశాక అదే బల్ల మీద యుద్ధం మొదలవుతుంది. వేలెడంత సైనికులు, అరచేతిలో పట్టే ట్యాంకులు. ముక్కలు అతికించి, రంగులు వేసి, కింద నేలా గోడలూ కట్టి నిలబెడతాడు. ఎవరి పిచ్చి వారికానందం. “పొద్దంతా దవడలు, సాయంత్రం తుపాకులు! ఇంటికొచ్చినవాళ్ళకి ఏమని చెప్పుకోవాలండీ?” అని భార్య గొణుగుతూనే ఉంటుంది, ఆయన ఊఁ కొడుతూనే ఉంటాడు.

ఇసుక నేల చేశాడు, బురద చేశాడు. మంచు జోలికి మాత్రం ఏనాడూ పోలేదు. పోవలసి వచ్చింది మావయ్యగారి వల్ల.

అత్తామామలది పక్క వాటానే. మావయ్యగారు ఒకప్పుడు సైన్యంలో ట్రక్కు డ్రైవరు. మంచు కొండల మీద ఏదో కాపలా చోట పనిచేసి, ఎడమకాలి వేళ్ళు రెండు అక్కడే వదిలేసి వచ్చాడు. ఎలా పోయాయని అడిగితే “చలికి” అంటాడు. అంతే. ఎండలు మండిపోతున్నా మేజోళ్ళు విప్పడు. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. రోజూ సాయంత్రం అల్లుడి ఇంటికొచ్చి, బల్ల పక్క కుర్చీలో పేపరు చదువుకుంటాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అల్లుడితో ఆయన మాట్లాడిన మాటలన్నీ పోగేసినా “ఊఁ”, “సరే”, “ఫ్యాను వెయ్యి” దాటవు.

ఒకరోజు భార్య ఓ పాత ఫోటో తెచ్చింది. తండ్రి పెట్టె సర్దుతుంటే దొరికిందట. ట్రక్కు ముందు ముగ్గురు సైనికులు, మధ్యలో మీసాలింకా సరిగా రాని మావయ్యగారు. మిగిలినదంతా వెలిసిపోయి తెల్లగా ఉంది.

“మీరిది బొమ్మగా చెయ్యగలరా? నాన్నకి ఫోటో చూపిస్తే లాక్కుని లోపల పెట్టేసుకున్నాడు. మళ్ళీ దొంగతనంగా తెచ్చాను. బొమ్మ చూస్తేనైనా నోరు విప్పుతాడేమో. అక్కడ మా నాన్నకి ఏమైందో నాకు ఒక్కసారి తెలియాలండీ” అంది.

తన బొమ్మలతో పని ఉందని భార్య అనడం పళ్ళాయన అదే మొదటిసారి వినడం. “ఎంత పని!” అనేశాడు. ట్రక్కు నిజంగానే ఎంతో పని కాలేదు. సైనికులూ కుదిరారు. వచ్చిన చిక్కల్లా మంచుతోనే. ఆ మహానుభావుడు జన్మలో మంచు చూసింది ఫ్రిజ్జులో.

మొదట ఉప్పు చల్లాడు. చూడ్డానికి మహా బాగుంది. ముసురు పట్టేసరికి ఉప్పు నీరు కారి, సైనికులు చెరువులో దిగినట్టయ్యారు. మావయ్యగారు పేపరు మీంచి చూసి “ఉప్పు” అన్నాడు. తర్వాత వంటసోడా తెల్ల జిగురులో కలిపి పూశాడు. కొద్ది వారాలకల్లా అది పచ్చబడి అచ్చం పాచిపళ్ళ రంగుకొచ్చింది. ఊరందరి పళ్ళూ తెల్లగా చేసి పంపే మనిషి ఇంట్లో మంచుకి పాచి! సిగ్గుచేటు కాదూ? ఆ తర్వాత అచ్చులు పోసే పిండి జల్లిస్తే అది రాయిలా బిగుసుకుంది. “సున్నం” అన్నాడు మావయ్యగారు.

“ఏమైనా చెప్పాడా?” అని భార్య వంటింట్లోంచి ఆశగా అడిగేది.

“చెప్పారు. సున్నమట.”

చివరికి పళ్ళాయన ఒక గాజుపొడి తెప్పించాడు. పొడి కాదది, కంటికి ఆనని గాజు బుడగలు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని, పళ్ళకు రంగు సరిచూసే కన్నుతో తెలుపు సరిచూసుకుని, నీడ పడే చోట పిసరంత నీలం కలిపి, భార్య టీ వడపోసే జల్లెడతో పొరమీద పొర కురిపించాడు. కాస్త వానగాలి తగిలినా కరగలేదు, పచ్చబడలేదు. ట్రక్కు పైకప్పు మీద, టోపీల మీద, భుజాల మీద అంతటా సమానంగా, మెత్తగా పరుచుకుంది. చూసిన పళ్ళ డాక్టరు ఒకాయన “నాకు చలేస్తోందయ్యా” అన్నాడు.

మావయ్యగారు ఈసారి పేపరు పక్కన పెట్టాడు. అద్దాలు సవరించుకున్నాడు. భార్య వంటింట్లోంచి గుమ్మంలోకి వచ్చింది.

“కేకు” అన్నాడు.

పళ్ళాయనకు ఏడుపొక్కటే తక్కువ. “మావయ్యగారూ, తప్పెక్కడుందో చెప్పండి, దిద్దుకుంటాను.”

“మంచు అలా ఊరుకోదు.”

“మరెలా ఉంటుంది?”

పేపరు మళ్ళీ మొహానికి అడ్డం వచ్చింది. భార్య గుమ్మంలోంచి గిరుక్కున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుందని పళ్ళాయనకు తెలుసు. మర్నాడు పట్టుదలగా పైన ఇంకో పొర కురిపించి, అది అంటుకోడానికి జిగురు చల్లేలోపు డాక్టరు నుంచి కబురొస్తే, అలాగే వదిలేసి బయటికి పోయాడు.

ఇక్కడ అత్తయ్యగారి గురించి చెప్పాలి. ఆవిడ చేతిలో తడిగుడ్డ ఉంటుంది. ఎప్పుడూ ఉంటుంది. పలకరించడానికి వచ్చినా ఆ మాటల్లోనే మీ కిటికీ తుడిచేసి వెళుతుంది. దానికి తోడు ఆ వారమంతా పైవాటాలో నేల పగలగొడుతున్నారు. కప్పు నుంచి సున్నం పొడి రాలని గది లేదు. ఆవిడ అల్లుడి ముందుగదికి వచ్చి అల్మరా తుడిచింది, కుర్చీ తుడిచింది, బల్ల తుడిచింది. బల్ల మీద పాపం ఎవరో ముగ్గురు పిల్లలు నెత్తిన సున్నం పోసుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళనీ తుడిచింది.

పళ్ళాయన తిరిగొచ్చి చూశాడు.

“మట్టి కొట్టుకుపోయింది బాబూ మీ బొమ్మలు. శుభ్రం చేసేశాను. కింద పెచ్చులు కట్టినచోట్ల గట్టిగా రుద్దాల్సొచ్చింది. ఆ సందుల్లో మాత్రం వేలు పట్టలేదు, పుల్ల ఉంటే ఇవ్వండి, అదీ లాగేస్తాను.”

ఏమంటాడు? అత్తగారు. కక్కలేడు, మింగలేడు. “మీకెందుకండీ శ్రమ” అన్న మాట ఎలాగో బయటికొచ్చింది. భార్య పరుగెత్తుకొచ్చి “అమ్మా! ఎంత పని చేశావే!” అని నెత్తి కొట్టుకుంది.

ఆ కేకకి పక్క వాటాలోంచి మావయ్యగారు వచ్చాడు. బల్ల వైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

ట్రక్కు పైకప్పు బోడిగా ఉంది. ఓ పక్కన చక్రాల దగ్గర నల్లటి నేల బయటపడింది. రెండో పక్కన, సందుల్లో, ట్రక్కు చాటున, బూట్ల వెనక మాత్రం మంచు కుక్కినట్టు గట్టిగా మిగిలింది. ఆయన నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు.

“ఎటు నుంచి తుడిచావే?” అని అత్తయ్యగారిని అడిగాడు.

“ఇటు నుంచి అటు. ఏం, తప్పా?”

“గాలి కూడా అటే కొట్టేది” అన్నాడు మావయ్యగారు.

అత్తయ్యగారు గుడ్డ పట్టుకుని అలాగే నిలబడింది.

“పై నుంచి పడేది తక్కువ. గాలే తెచ్చేది, గాలే ఊడ్చుకుపోయేది. చాటున్న చోటే నిలిచేది. ట్రక్కు చెడిపోయింది మాకు. మేమూ ఆ చాటునే కూర్చున్నాం, ముగ్గురం. చీకటి పడేదాకా మనవాళ్ళు వస్తారనుకున్నాం. రాలేదు.” మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు కాళ్ళూ కుర్చీ మీదకి లాక్కున్నాడు. అంత ఉక్కలో. “ఈ చివర ఉన్నవాడికి పాటలంటే పిచ్చి. నిద్రపోతే చస్తాం రా అని మా ఇద్దరి చేతా పాడించాడు. చివరికి నిద్రపోయింది వాడే.”

కూతురు వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. మేజోడు మీదుగా ఆ ఎడమకాలిని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన లాక్కోలేదు. కూతురు ఏడుస్తోంది, దాచుకోలేదు కూడా.

మావయ్యగారు బొమ్మ మీదికి వంగాడు. అత్తయ్యగారి తడిగుడ్డ తగిలి, చివరి సైనికుడి బూట్లు నిగనిగ మెరుస్తున్నాయి.

“ఏమోయ్” అన్నాడు అల్లుడితో. “వీడి బూట్లు తడిశాయి.”

పళ్ళాయన బల్ల ముందు కూర్చున్నాడు. పళ్ళకు రంగులేసే అన్నిటికన్నా సన్నటి కుంచె తీశాడు. ముందు దూదితో తడి అద్ది, తర్వాత మెరుపు చంపే వార్నిషు ఒక్క బొట్టు తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఆ బూటు మీద మెల్లగా పూశాడు. మెరుపు పోయింది. బూటు పొడిగా అయింది. కుంచె కింద పెట్టబోయాడు.

“ఆ రెండోది కూడా” అన్నాడు మావయ్యగారు.