కొండవీడు బురుజు మీద నాన్న విన్న నగారా

దెయ్యాలున్నాయంటే నవ్వేసే మనిషిని నేను. గుడివాడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఏదైనా మైక్రోస్కోపులో కనపడితేనే నమ్ముతాను. ఇది మాత్రం నా కళ్లముందు జరిగింది.

మా నాన్నకి చెవులు బొత్తిగా వినపడవు. ముదినేపల్లి దగ్గర రైసుమిల్లులో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ హోరులోనే వినికిడి పోగొట్టుకున్నారు. మెషిన్ పెట్టించినా లాభం లేకపోయింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట అర్థం చేసుకుంటారు.

ఆయనకి కొండలంటే మోజు. మా వైపు ఎటు చూసినా వరిచేలూ చేపల చెరువులే కదా. అందుకే పోయిన వేసవిలో కారులో కొండవీడు కోటకి తీసుకెళ్లాను.

కొండ అంచుల వెంబడి ఆ గోడలు పాకుతూ పోయాయి. అంత ఎత్తుకి అంతంత బండలు ఎలా చేర్చారో. సైన్యానికి నీటి కరువు రాకుండా పైన చెరువులు కూడా ఉన్నాయి. నాన్న గోడని చేత్తో తడుముతూ, "కట్టినోళ్ల చేతులకి దణ్ణం పెట్టాలమ్మాయ్" అన్నారు.

మధ్యాహ్నం ఒక బురుజు ఎక్కాం. ఎండ కాస్తోంది. ఉన్నట్టుండి నాన్న తల తిప్పారు.

"నగారా కొడుతున్నారే. ఎక్కడ?"

నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదు. ఆయన వైపు తిరిగి, "ఇక్కడెవరూ లేరు నాన్నా" అన్నాను.

"దిగమంటున్నారు, పద" అని నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆయన మొహం చూసి నేనూ గబగబా దిగాను.

మేం కారు దగ్గరికి చేరేసరికి కొండ వెనక నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. లోపల కూర్చున్నామో లేదో, అంతకుముందు మేం నిలబడ్డ ఆ బురుజు మీదే పిడుగు పడింది. కారు అద్దాలు అదిరాయి. నా చెవులు గింగురుమన్నాయి.

నేను చెవులు మూసుకుని సీట్లో ముడుచుకుపోతే నాన్న నా భుజం తట్టి, "ఏమైందమ్మా?" అని అడిగారు. మెరుపు చూశారట. చప్పుడు మాత్రం వినపడలేదట.

ఊరొచ్చాక చెవుల డాక్టరు గారికి చూపించాను. ఏ మార్పూ లేదన్నారు. దూరాన ఉరిమిన అదురు కాళ్లకి తెలిసి ఉంటుందని మా ఆయన అంటారు. అయ్యుండొచ్చు. కానీ నాన్న అదురు అనలేదు, నగారా అన్నారు.

ఎవరు కొట్టారు నాన్నా అని ఒకసారి అడిగాను. అన్నం కలుపుకుంటూ మామూలుగా చెప్పారు.

"కోటని కాసేవాళ్లే అయ్యుంటారమ్మా. ఆ పూట మనల్నీ కాశారు."

నాకైతే ఈ రోజుకీ అంతుపట్టలేదు.